ములుగు రోడ్డులో మోగిన హారన్

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొచ్చేది. హనుమకొండలో నాకో టోయింగ్ బండి ఉంది. మనిషి పోయిన కారు సీట్లోనే కూర్చుని టీ తాగిన రోజులున్నాయి. అలాంటివాణ్ని, ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు.

హుక్కు తగిలించే పని మా అక్క భర్త సాంబయ్య బావది. ఆయనకో పద్ధతుంది. మనిషి చనిపోయిన కారును లాగేటప్పుడు సగం దారిలో బండి ఆపించి, కిటికీ దగ్గర వంగి, పోయినవాళ్ల పేరు మూడుసార్లు పిలుస్తాడు. దింపుడుకళ్లం దగ్గర పాడె దించి చెవిలో పిలుస్తాం చూడండి, అలాగ. దీనికి నేను ఆయన్ని తెగ ఆటపట్టించేవాణ్ని.

పోయిన వానాకాలం ములుగు రోడ్డులో ఒక కారు తేవాలన్నారు. వెనక నుంచి లారీ గుద్దితే అందులో ఒకతను చనిపోయాడట. పేరు ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ వైర్లు నేనే ఊడదీశాను. కారు ముందు చక్రాలు పైకెత్తి బయలుదేరాం. మధ్యాహ్నం మూడు గంటలు, సన్నగా వాన.

సగం దారిలో బావ ఆపమన్నాడు.

"పేరే తెల్వదు, ఏమని పిలుస్తవ్ బావా? జర ఊకో," అని పోనిచ్చాను.

రెండు నిమిషాలు కాలేదు, వెనక మేం లాగుతున్న కారు హారన్ మొదలైంది. ఆగకుండా మోగుతోంది. బ్యాటరీ వైర్లు ఊడదీసింది నేనే కదా. పైకి మాత్రం తిట్టుకుంటూ బండి పక్కకు ఆపాను. హారన్ ఆగిపోయింది.

"నువ్వు కూసో, నేను చూసొస్త," అని బావ దిగాడు.

అద్దంలో చూస్తున్నాను. కిటికీ దగ్గర వంగాడు. "సాంబయ్యా" అని వినిపించింది. మళ్లీ, "సాంబయ్యా". పేరు తెలియక తన పేరే పిలుచుకుంటున్నాడని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. అంతలోనే వెనక నుంచి ఇంకో లారీ గుద్దింది.

కారు మా బండిలోకి దూసుకొచ్చింది. క్రేన్ చెయ్యి వంగింది, ఛాసిస్ మెలిపడింది. బావ రోడ్డు పక్క గుంతలో పడి ఉన్నాడు. దవాఖానలో మూడు రోజులు కళ్లు తెరవలేదు. బతుకుతాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోయారు.

"బండెందుకు ఆపినవ్ రా?" అంది అక్క. ఇన్సూరెన్స్ సర్వేయరు కూడా బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని అదే అడిగాడు. కారుకు కట్టిన గొలుసు వదులైందని రాసిచ్చాను. అక్కకూ అదే చెప్పాను.

బావ బతికాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నీ పేరే ఎందుకు పిలుచుకున్నావని ఒకరోజు అడిగాను.

"నేనేడ పిలిచిన్రా? లోపల్నుంచి ఎవరో నన్ను పిలుస్తాంటే వంగి విన్న."

అది ఎవరి గొంతో నాకు ఈరోజుకీ అంతుపట్టదు. బావను నెలకోసారి చెకప్‌కు తీసుకెళ్తాను. వంతు రాగానే నర్సు "సాంబయ్యా" అని పిలుస్తుంది. బావ లేవడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పిలిచింది నర్సమ్మేనా రా?" అని అడుగుతాడు.