ఫారంలో రాసిన మూడో పేరు

దయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ధర్మవరంలో మా వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా తాయెత్తుకు పరిగెత్తేవాళ్ళు, నేను మాత్ర తెచ్చుకుని మింగేదాన్ని. ఇది చదివి "చూసినావా, ఈయమ్మ కూడా ఒప్పుకొనింది" అనేవాళ్ళుంటే ఈడికే నిలిపేయండి. మీకోసం రాయలేదు.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక, వయోజనుల బడిలో. తప్పులుంటే ఉండనీ.

మా తమ్ముడు నరసింహులు మిలిటరీలో పదమూడేళ్ళు చేసి తొంభైల చివర్లో ఇంటికొచ్చేసినాడు. కాలూ చెయ్యీ బాగానే ఉండె. మాటే లేదు. మాది గుంత మగ్గం. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే గుంత అది. వీడు పొద్దున లేస్తానే ఆ గుంతలో దిగి, మోకాళ్ళు కడుపులో పెట్టుకుని, తల వంచుకుని కూర్చునేవాడు. చీకటి పడేదాకా లేచేది లేదు. వాడు లేస్తే కదా నేను నేసేది, రాత్రి బల్బు కింద.

వాని పింఛను కోసం ఒక ఆఫీసుకు పోతే గాయం కాగితం తెమ్మన్నారు. గాయం యాడుండాదని అడిగినాడు కుర్చీలో ఉండే ఆయప్ప. తలలో ఉండాది అన్నాను. నవ్వినాడు. పక్కనున్నాయప్పకు చెప్పి మళ్ళా నవ్వినాడు. మిలిటరీకి పోయేటప్పుడు దండలేసి రైలెక్కించిన మా ఊరోళ్ళు, తిరిగొచ్చినోడికి "గుంతలోడు" అని పేరు పెట్టినారు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా పెదనాయనైతే దయ్యమని తేల్చేసినాడు. కొండల్లో యాడనో ఒక చోట గొలుసేసి కట్టి వేపమండలతో కొడతారంట, వచ్చే నెల అమావాస్యకు ఆడికి పోయేదానికి జీపు కూడా మాట్లాడేసినాడు. నేను అడ్డం పడితే, "ఏమ్మే, నాలుగక్షరాలు నేర్చుకుని నాకే చెప్పేదానివైనావా" అన్నాడు. వీధంతా ఆయన పక్కే. ఆ అమావాస్య లోపల వాడు గుంత నుంచి లేవాల, లేదంటే గొలుసే.

అప్పుడే పెనుకొండలో ఒక గది ఉందని తెలిసింది. మిలిటరీ నుంచి వచ్చినోళ్ళనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించే ధర్మసంస్థ. బెంగళూరు నుంచి ఒక మేడమ్మ గురువారం గురువారం వచ్చేది. తమ్ముని చెయ్యి పట్టుకుని ప్యాసింజరు రైల్లో తీసుకుపోయినాను.

మొదటి వారం ఫారం ఇచ్చినారు. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు రాయమని ఉండాది. నా పేరు రాసినా, వాని పేరు రాసినా. పక్కనుంచి తమ్ముడు మెల్లిగా, "రంగప్ప" అన్నాడు. ఎన్ని నెలలకో వాని నోట వచ్చిన మాట. మా ఇంట్లో రంగప్ప అనేవాడే లేడు. అయినా బడిలో చెప్పింది చెప్పినట్టు రాసే అలవాటు కదా, రాసేసినాను.

అది చూసి అక్కడ కూర్చున్న ఒకాయన నవ్వినాడు. మేడమ్మ నవ్వలేదు. తమ్ముని పక్కకు తిరిగి, ఈ రంగప్ప ఇంట్లో యాడ కూర్చుంటాడని అడిగింది. అంత మంది దగ్గరికి తిప్పినాను, ఒక్కరూ ఆ మాట అడగలేదు.

నాలుగు వారాలు పట్టింది కథ బయటికొచ్చేదానికి. రంగప్ప వీని జతగాడు, మడకశిర పక్క నేతపనోళ్ళ బిడ్డ. సరిహద్దులో ఒక గుంతలో ఇద్దరూ ఉన్నప్పుడు ఆయప్ప పోయినాడు. వీడు రెండు దినాలు ఆ శవం పక్కనే కూర్చున్నాడు. "నేను లేస్తే వాడొక్కడే అయిపోతాడు మేడం" అన్నాడు. మా మగ్గం గుంతలోనూ వాని పక్కనే రంగప్ప కూర్చోనుంటాడంట. అంతే. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

ఇంక నేను రాయాల్సింది అయిదో గురువారం సంగతి.

అప్పటికి మగ్గం మీద పాత పడుగు, అదే నిలువు పోగుల వరస, అయిపోయి పది దినాలైంది. కొత్త పడుగు ఎక్కించాలంటే పాత కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటీ పట్టి, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలేసి అతకాల. వేల పోగులు. ఇద్దరు కూర్చుంటే రెండు దినాల పని. తమ్ముని వేళ్ళు వణికేవి, నాకు చూపు తగ్గుతా ఉండె. కొత్త పడుగు అట్లే మూటలో పెట్టి, తలుపుకు బీగమేసి, బీగంచెవి నడుముకు దోపుకుని పొద్దున రైలెక్కినాం.

సాయంత్రం వచ్చి బీగం తీసినాను. ఎండ ఇంకా గడపలోనే ఉండాది. పడుగు అతికేసి ఉండాది. ఈ కొస నుంచి ఆ కొస దాకా.

నేను చూసినవి చూసినట్లు చెబుతాను. ఇంటికి వేరే తలుపు లేదు. కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు. పెంకులు కదల్లేదు. ఎదురింటామె పొద్దస్తమానం అరుగు మీదనే ఉండాది, ఎవురూ రాలేదనింది. దొంగైతే పట్టు ఎత్తుకుపోతాడు గానీ అతికిపోడు. దగ్గరికి పోయి చూస్తే మెలి ఎడమ పక్కకు తిరిగి ఉండాది. మా వీధిలో అందరిదీ కుడి మెలి. కావాలని తిప్పినా మాకు అట్ల రాదు.

తమ్మునికి ఏమీ చెప్పకుండా అడిగినాను, ఆ రంగప్పది ఏ చేతి వాటమని.

"ఎడమ చెయ్యి. తుపాకీ కూడా ఆ పక్కే. నీకెట్ల తెలుసక్కా?"

నేను పక్కకు జరిగినాను. వాడు పడుగును చూసినాడు. వేలితో ఒక్క మెలి తాకినాడు. ఏడవలేదు. "నువ్వు కూర్చో అక్కా. జాగా ఖాళీ అయినాది" అన్నాడు. ఆ దినం నుంచి మళ్ళా గుంతలో దిగలేదు.

అమావాస్యకు పెదనాయన జీపుతో వచ్చినాడు. తమ్ముడు గడపలో కూర్చుని కండెలకు పేక దారం చుడతాండాడు, నేను నేస్తాండా. పడుగు ఎవరు అతికినారని అడిగినాడు. నేనే అన్నాను, కళ్ళలోకి చూసి. నిజం చెప్పింటే ఆ పొద్దే గొలుసేసేవాళ్ళు. ఉత్త చేతులతో పోయినాడు.

మేడమ్మకు ఒక్కదానికే చెప్పినాను. నాకూ తెలీదమ్మా అనింది, నవ్వకుండా. రెండేళ్ళకు ఆ గదిని ఖాళీ చేయించినారు, పిచ్చోళ్ళు వస్తాండారని వీధోళ్ళు అర్జీ పెట్టినారంట. వీళ్ళు తుపాకీ మోసినప్పుడు ఎవురికీ పిచ్చోళ్ళు కాలేదు.

గది మూసేముందు ఫారం మళ్ళా రాయించినారు. ఈసారి తమ్ముడు "ఇద్దరే రాయక్కా" అన్నాడు. రాసినాను. మూడో గీత ఖాళీగా వదిలినా.

ఆ పడుగు మీద నేసిన చీర కోసినాక అతుకు ముక్క గుడ్డలో చుట్టి పెట్టుకున్నా. ఇప్పటికీ ఉండాది. ఎన్నిసార్లు చూసినా ఎడమ మెలే. ఎట్ల జరిగిందో నాకు తెలీదు, తెలుసని చెప్పేవాళ్ళను నమ్మను. చూడాలనుంటే వచ్చి చూడండి. దయ్యమని మాత్రం నా ముందర అనద్దు. ఆయప్పకు పేరుండాది. రాసింది నేనే.