పలావు ప్రార్థనకి నా తనిఖీ

యూనివర్సిటీ పిల్లల్ని ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటికి పిలిచి, ప్రార్థన చేసి, పైగా చికెన్ పలావు పెట్టే దంపతులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. నేనూ పుట్టు క్రైస్తవురాలినే, కానీ మా చర్చిలో క్రిస్మస్‌కి తప్ప పలావు ఉండదు. హాస్టల్లో ఉండే మా మనవరాలు కెజియా కూడా అక్కడికే వెళ్తోందని తెలిసి, ఈ రోజు చెప్పాపెట్టకుండా గుంటూరు బస్సెక్కి వెళ్ళాను. నేను చివర్న కూర్చోవడం చూసి దాని మొహం మాడిపోయింది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, తనిఖీకి వచ్చినదాన్ని కదా. ఆ ఇంటాయన ఒక్కొక్కరి పేరూ ఎత్తి, వాళ్ళు చెప్పుకున్న కష్టాలన్నీ దేవుడికి గట్టిగా వినిపిస్తున్నాడు.

"ప్రభువా, మా చెల్లి కెజియా రెండు సబ్జెక్టులు తప్పిన సంగతి వాళ్ళ అమ్మమ్మగారికి చెప్పుకునే ధైర్యం ఇవ్వు తండ్రీ!"

భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. ఆయన గబుక్కున ఆమేన్ అనేశాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఇంతమందికి చెప్పావు, నాకు చెప్పడానికి ఏమైందే?"

"వాళ్ళు వింటారు అమ్మమ్మా. నువ్వు మార్కులేస్తావు."

రిటైరైన టీచర్ని కదా మరి. దాని భుజం మీద చెయ్యేసి హాస్టల్ దాకా నడిపించాను.

ఆ దంపతుల మీద అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా కెజియాని వెళ్ళొద్దనను. మీ పిల్లలు తప్పిన సబ్జెక్టుల సంగతి ముందు ఎవరికి చెప్తారు? "మాకేనండీ" అని కింద కామెంట్లో రాసేముందు, ఒకసారి బయట కనుక్కోండి.