సగం కిరాయి

మా బడి వెనక గోడ దాటితే నా చేను, దాని అవతల అడవి. జూలూరుపాడు దాటాక వచ్చే ఆ ఊళ్లో నేను సైన్సు చెబుతాను. నా చేను నేను దున్నను, కౌలుకిచ్చాను. కౌలుదారు బిడ్డ నిరుడు నా దగ్గరే ఎనిమిదో తరగతి.

నిరుడు యాసంగి వరి కోతలకు ముందు, మారిపోతున్న ఎండల గురించి, వానల గురించి పిల్లలకు గట్టిగానే చెప్పాను. హార్వెస్టర్ వదిలేసిన వరి కొయ్యలకు నిప్పు పెడితే గాలికీ నేలకూ ఏమవుతుందో వివరించి, ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను ఒప్పించమన్నాను. చాలామంది తలూపి మరిచిపోయారు. కౌలుదారు పిల్ల మరిచిపోలేదు. అన్నం దగ్గరా పొలం దగ్గరా తండ్రి వెంటపడి, ఈసారి కాల్చనని మాట తీసుకుంది. ఆ సంగతి చెప్పడానికి ప్రార్థన కూడా కాకముందే నా దగ్గరికి వచ్చింది. అందరి ముందూ మెచ్చుకున్నాను.

కోత అయ్యాక తండ్రి ఫోన్ చేశాడు.

"సార్, బిడ్డ కాల్చొద్దంటున్నది. నీళ్లు పెట్టి, కొయ్యలు మట్టిల కలిసేటట్టు రొటావేటర్ తిప్పియ్యాలె. కిరాయిల సగం మీరు పెట్టుకుంటరా?"

మా వైపు కౌలు అంటే ఖర్చులన్నీ కౌలుదారువే. భూమి గలవాడు తన వంతు పుచ్చుకుంటాడు, అంతే. ఆ కట్టుబాటు ఆ పూట నాకు భలే అక్కరకొచ్చింది.

"ఖర్చులు నీవే కదా. నువ్వే చూసుకో" అన్నాను. కాల్చమని అనలేదు. అనలేదన్న ధైర్యంతోనే ఫోన్ పెట్టేశాను.

అప్పటికి ఒంటిపూట బడులు. రెండు రోజుల తర్వాత వక్తృత్వ పోటీకి పిల్లలతో వరండాలో సాధన చేయిస్తున్నాను. ఆ పిల్ల నేల గురించి మాట్లాడుతుండగా గోడ మీదుగా పొగ వచ్చింది. వెనక నుంచి ఒకడు నవ్వాడు.

"ఏందే, మీ నాయననే గదా కాలుస్తున్నడు."

చేను నాదని అక్కడున్న అందరికీ తెలుసు. పంట మాత్రం కౌలుదారుది కాబట్టి తప్పూ ఆయనదే అయింది. పిల్ల మాట ఆపి నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, రైతుల్లో ఇంకా అవగాహన రావాలి అన్నాను. ఆమె వెళ్లి కూర్చుంది. మిగతా ప్రసంగం చెప్పలేదు. మర్నాటి నుంచి సాధనకు రాలేదు.

నాలుగు రోజులు చూసి వాళ్లింటికి వెళ్లాను. తండ్రి మంచం వాల్చాడు, మంచినీళ్లిచ్చాడు. పిల్ల లోపలే ఉంది.

"నాతోని మాట్లాడ్తలేదు సార్. మాటిచ్చి తప్పిన్నంటది."

ఫోన్ సంగతి చెప్పలేదా అని అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

"నామీద అలుగుతె రేపో ఎల్లుండో మాట్లాడ్తది. మీ మాట మీద నమ్మకం పోతె మల్ల బడికి ఏం మనసుతోని వస్తది సార్?"

నన్ను కాపాడాలని ఆయన బిడ్డ దగ్గర దోషిగా ఉండిపోయాడు. నేను ఆ మంచం మీదే కూర్చుని ఆయనకు అవగాహన కల్పించాలని వచ్చినవాణ్ని.

పిల్లను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. గుమ్మం పట్టుకుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"మా నాయనను అందరి ముంగట అన్నరు. ఇది గూడ అందరి ముంగట చెప్తరా సార్?"

చెప్పాను. మరునాడు అదే వరండాలో, అదే పిల్లల ముందు. నవ్విన పిల్లవాడు ఈసారి నా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. ఆమె తలెత్తలేదు.

ఈ యాసంగిలో కిరాయిలో సగం నేను పెట్టుకున్నాను. కొయ్యలు మట్టిలో కలిసిపోయాయి. చుట్టుపక్కల చేలు మాత్రం ఎప్పటిలాగే కాలాయి, రెండు రోజులు పొగలో అడవి అంచు కనిపించలేదు. తండ్రీబిడ్డలు బాగానే ఉన్నారు, ఆయన బండి మీద ఆమెను బడి దగ్గర దించిపోతుంటాడు.

ఆమె ఇప్పుడు తొమ్మిదో తరగతి. పాఠం శ్రద్ధగా వింటుంది, అడిగిన ప్రశ్నకు సరిగా జవాబిస్తుంది. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లకు చెప్పండి అని నేను అన్నప్పుడు మాత్రం, తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటుంది. నేను ఆ వాక్యాన్ని ఇప్పుడు కొంచెం మెల్లగా అంటున్నాను.