బావ చెయ్యి పడితే మూగబోయే టీవీ

నా తెలివి పుణ్యమా అని ఒకే నెలలో మా ఇంట్లో టీవీ మూగబోయింది, అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు, అయ్యగారి ప్రార్థన అనవసరంగా ఫలించింది. ఆఖరికి చర్చి నిండా జనం ముందు నా పరువు బల్ల మీద పెట్టి పంచాల్సి వచ్చింది. మీరు నవ్వితే నవ్వండి. నేను మాత్రం ఇది రాస్తూ ఇప్పటికే రెండుసార్లు లేచి ముఖం కడుక్కొచ్చాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఇల్లు బళ్ళారి గాంధీనగర్‌లో, ఉద్యోగం ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో. ఆ రోజుల్లోనే నాకు లైనక్స్ పిచ్చి పట్టింది. తెలియని వాళ్ళకు చెబుతాను: అందరి కంప్యూటర్లలో ఉండే విండోస్‌ను తీసేసి దాని చోట పెట్టుకునేది అది. ఉచితం. దాంతోపాటు గర్వం కూడా ఉచితంగానే వస్తుంది. నల్లటి తెర మీద నాలుగు ముక్కలు టైపు చేయగానే నేనేదో సర్జన్‌నైనట్టు, చుట్టూ ఉన్నవాళ్ళంతా వార్డుబాయ్‌లైనట్టు అనిపించేది.

మా అక్క భర్త దానియేలు బావ యశ్వంతనగర్ దగ్గర గనుల్లో టిప్పర్ డ్రైవరు. అక్క ఆదివారం పొద్దున్నే చర్చికి వచ్చేస్తే, బావ షిఫ్టు దిగి మూడింటికి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చి ఏం చేసేవాడనుకున్నారు? మా కంప్యూటర్‌ను టీవీకి తగిలించి లారీ తోలే ఆట ఆడేవాడు!

"వారమంతా తోలింది చాలదా బావా?" అంటే, "ఈడ దుమ్ము లేదు గదప్పా! రోడ్డు జూడు, అద్దం మాదిరి ఉండాది" అనేవాడు.

ఆ ముచ్చట చూసి ఆయన పుట్టినరోజుకు నేనే ఒక ఖరీదైన కంట్రోలర్ కొనిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఆడించే సామాను అది. బావ దాన్ని టవల్‌లో చుట్టి, టిఫిన్ బ్యాగులో పెట్టుకుని, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు.

కొత్త కంట్రోలర్ తెచ్చిన మొదటి ఆదివారమే టీవీలో శబ్దం పోయింది. బొమ్మ ఉంది, లారీ పోతోంది, చప్పుడు మాత్రం లేదు.

"ఏమప్పా సామేలూ, ఇంజను సౌండే లేదు. గేరు యాడ మార్చల్లో ఎట్ల తెలిసేది?"

"రోడ్డు కనిపిస్తోంది కదా బావా, చూసి తోలు."

"బండి కండ్లతో తోల్తారా? చెవుల్తో తోల్తారప్పా."

నేను రంగంలోకి దిగాను. కంప్యూటర్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ తిప్పి పెట్టాను. కొత్త కేబుల్ కొన్నాను. టీవీని స్కూటర్ మీద మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాను. ఆయన "బాగనే పలుకుతాండాది, ఎత్తకపో" అన్నాడు. నిజమే, ఇంటికి తెచ్చి కీబోర్డుతో ఆట పెడితే హారన్ మోతకు పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. సోమవారం నుంచి శనివారం దాకా శబ్దం భేషుగ్గా ఉండేది. ఆదివారం మూడింటికి బావ కూర్చోగానే మళ్ళీ మాయం.

రెండో ఆదివారం బావ నెమ్మదిగా అన్నాడు. "నేను ఈ వైరు తగిలించినంకనే పోతాండాది. సుమ్నె, ఊరికే ఒకసారి పీకి చూడప్పా."

నేను పెద్దగా నవ్వాను. "బావా, అది ఆడించే సామాను. స్టీరింగ్ లాంటిది. స్టీరింగుకూ చప్పుడుకూ ఏం సంబంధం?"

"స్టీరింగులోనే గదప్పా హారన్ ఉండేది!"

చదువు రాని మనిషి ఎంత అమాయకంగా మాట్లాడతాడో అనుకున్నాను. ఇది నేను నిజంగా అనుకున్నాను. దాచి ప్రయోజనం లేదు.

మూడో ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, టీకి వచ్చారు. వెంట చర్చి స్త్రీల సమాజం నుంచి నలుగురు అమ్మలు. బావ ఆడుతున్నాడు, టీవీ యథాప్రకారం మూగగా ఉంది. నా అవస్థ చూడలేక మా అమ్మ, "అయ్యగారూ, మా వాడు మూడు వారాలుగా తిండి తినకుండా దీంతోనే పడుండాడు. ఒక్క మాట ప్రార్థన చేయండి" అంది. తర్వాత బావ వైపు తిరిగి, "అల్లుడా, ప్రార్థన టైములో ఆ ఆట సామాను తీసెయ్యప్పా" అంది.

బావ వైరు పీకి, కంట్రోలర్‌ను టవల్‌లో చుట్టి, తలవంచి నిలబడ్డాడు. అయ్యగారు మూగవారికి మాట తెప్పించిన ప్రభువును తలుచుకుని క్లుప్తంగా ప్రార్థించారు. ఆమెన్ అనగానే నేను కీబోర్డు మీద ఒక మీట నొక్కాను.

భోంయ్‌మని లారీ హారన్!

"స్తోత్రం!" అన్నారు నలుగురు అమ్మలూ ఒక్క గొంతుతో. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. బావ సంతోషంగా కూర్చుని మళ్ళీ వైరు తగిలించాడు. శబ్దం పోయింది.

"నేను జెప్తాండ్లా సామేలూ, ఈ వైరు..." అని బావ మొదలుపెట్టాడు.

నేను పూర్తి చేయనివ్వలేదు. మూడు వారాల ఉక్రోషం నా నోట్లోకి వచ్చింది. "చూశారా అయ్యగారూ? ఈయన లేస్తే వస్తుంది, కూర్చుంటే పోతుంది. నెలల తరబడి చర్చి గడప తొక్కని చెయ్యి కదా, పడితే ఏది పలుకుతుంది?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అంటారు పెద్దలు. నేను మద్దెలను కూడా అనలేదు, పక్కన కూర్చున్న మనిషి చేతిని అన్నాను.

బావ తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఆదివారం షిఫ్ట్ ఏస్తే నేనేం జేయల్లప్పా?" అన్నాడు. తర్వాత కంట్రోలర్ బల్ల మీద పెట్టి, "ఇది నువ్వే పెట్టుకో" అని చెప్పులేసుకున్నాడు. అక్క నా వైపు చూడకుండానే ఆయన వెనకాల వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం మా అమ్మ చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలంటూ టీవీకి గొంతొచ్చిన సాక్ష్యం చెప్పింది. అల్లుడి మాట ఆమె ఎత్తలేదు. కానీ ఆ నలుగురు అమ్మలు ఎత్తకుండా ఉంటారా? వారం తిరిగేలోగా దానియేలు చెయ్యి మంచిది కాదన్న మాట మా చర్చి సంఘమంతా పాకింది.

నేను అక్కకు ఫోన్ చేశాను.

"ఆదివారం రావట్లేదేంది అక్కా?"

"ఆ చెయ్యి సంపాదించిన కూడే నేను తింటాండా సామేలూ. నీ టీవీకి సోకుతాదేమో" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట నా గుండెలో దిగింది. బావ లేని ఆదివారం మా హాలు బోసిపోయింది. ఏం తోచక ఆ కంట్రోలర్ నేనే తీసి తగిలించాను. శబ్దం పోయింది. పీకాను, వచ్చింది. తగిలించాను, పోయింది. చర్చికి ఒక్క ఆదివారమూ ఎగ్గొట్టని చెయ్యి నాది!

అసలు సంగతి ఇదీ. ఆ కంట్రోలర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని తగిలించగానే మా కంప్యూటర్ కొత్త స్పీకర్ వచ్చిందనుకుని, టీవీకి పోవాల్సిన శబ్దాన్నంతా దానికి మళ్ళిస్తోంది. సెట్టింగుల్లో ఒక్క టిక్కు మారిస్తే సరిపోతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, మా పిల్ల బావ చేతిలోనే ఉంది. ఉందని ఆయన మొత్తుకుంటున్నా నేను వినలేదు.

సిగ్గుతో ఫోన్ చేశాను. "బావా, తప్పు నాది. నువ్వు చెప్పిందే నిజం. క్షమించు."

అటువైపు బావ టిప్పరు ఇంజను ఆపిన చప్పుడైంది. తర్వాత, "నాకొక్కనికి జెప్తే ఎట్లప్పా? నలుగుర్లో పోయిన మానం నలుగుర్లోనే రావల్ల" అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం బావ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో నేను మైకు పట్టుకున్నాను. హెచ్‌డీఎంఐ అంటే ఏమిటో చెబుతుంటే ముసలమ్మలు అది ఏ దేశపు మిషనరీ సంఘమో అన్నట్టు తలలూపారు.

వెనక నుంచి ఒకామె అడిగింది. "అంటే ప్రార్థనతో రాలేదా నాయనా?"

మా అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. అయ్యగారు దగ్గి, "వైరు తీసెయ్యాలన్న బుద్ధి ప్రార్థన కోసమే పుట్టింది గదమ్మా" అని అందరినీ గట్టెక్కించారు.

ఇక అసలు మాట మిగిలింది. గొంతు సవరించుకుని, మైకును రెండు చేతులా బిగించి పట్టుకుని అన్నాను. "మా బావ చేతిలో ఏ లోపమూ లేదు. లోపం నా..."

మైకు చచ్చిపోయింది.

తట్టాను. ఊదాను. వైరు కదిపాను. "ఈ చర్చి మైకు ఎప్పుడూ ఇంతే" అని గొణిగాను కూడా. ముందు వరుసలోంచి బావ నింపాదిగా లేచి వచ్చి, నా బొటనవేలిని పక్కకు జరిపి, దాని కింద నేను నొక్కిపెట్టిన స్విచ్చును పైకి తోశాడు. మైకు ఖంగున పలికింది. అందులో మొదట వినిపించింది ఆయన గొంతే.

"ఇప్పుడు ఎవరి చెయ్యప్పా సామేలూ?"

చర్చి కప్పు లేచిపోయేలా నవ్వారు. అయ్యగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్క నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను ఏడవలేక నవ్వాను.

మా చర్చివాళ్ళు ఒట్టు పెట్టకూడదంటారు గనుక మాట మాత్రం ఇస్తున్నాను. ఇకమీదట భూమ్మీద ఏ యంత్రం ఎక్కడ మూగబోయినా, ఇంకొకరి చెయ్యి ఎత్తి చూపేముందు నా రెండు చేతులూ తిరగేసి, బొటనవేళ్ళతో సహా, చూసుకుంటాను. ముఖ్యంగా ఎవరైనా డ్రైవరు "వైరు పీకి చూడప్పా" అంటే, నోరు మూసుకుని పీకుతాను.