బర్రె పాలని చెప్పిన

మా అమ్మ ఒక హబ్షీ పిల్లకు తన రొమ్ముపాలిచ్చి పెంచింది. ఈ ముక్క నా నోట్లకెళ్ళి రావాల్సిన రోజు రాలే. ఇప్పుడు కాళ్ళు చాపుకొని కూసున్న ముసలిదాన్ని, ఇప్పుడు చెప్తే ఎవలకేం లాభం? అయినా చెప్తున్న. తిన్న అన్నం ఒంటబడ్తలేదు.

శాలిబండల మాది పాల ధంద. ఐదు బర్రెలు, ఇంటెనక కొట్టం. నాకు ఆరేండ్లున్నప్పుడు తమ్ముడు పుట్టి పదిరోజులకే పోయిండు. అమ్మకు పాలు గడ్డకట్టి ఒకటే జ్వరం. గప్పుడే ఒక హబ్షీ ఆయన పసిపిల్లను గుడ్డల చుట్టుకొని మా వాకిట్ల నిలబడ్డడు. నిజాం ఫౌజుల గుర్రపోడు, రోజూ మా దగ్గరనే పాలు కొంటుండె. వాళ్ళ తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ళట. పెండ్లాం కాన్పుల చచ్చిపోయిందట. ఆయన తల్లి ఉన్నది గని వనపర్తి దిక్కు బిడ్డ కాడ ఉంటదట. బర్రె పాలల్ల నీళ్ళు ఎన్ని కలిపి పట్టాలె అని అడగనీకి వచ్చిండు, గంతే. అమ్మ పిల్లను అందుకొని కొట్టంలకు పోయింది.

ఇగ లొల్లి మొదలైంది. పరాయి పిల్లకు రొమ్మిచ్చిందని తెలిస్తే కులంల నుంచి వెలేస్తరని బాపుకు భయం. పెద్దమనుషులు అడిగితే, ఫౌజాయన బిడ్డ, నాలుగు రోజులు సాకుతున్నం, బర్రె పాలే పడుతున్నం అని చెప్పిండు. అమ్మ పాలిచ్చేటప్పుడు కొట్టం తలుపు కాడ నన్ను కూసోబెట్టేది. ఎవలన్న వస్తే పాల బకీటు చప్పుడు చెయ్యాలె. ఏడాదిన్నర గట్ల కాపలా కాసిన. ఆ పిల్ల ఎవల పాలు తాగిందో ఈ లోకంల నాకంటె బాగ తెలిసినోళ్ళు లేరు.

నాలుగు రోజులు తొమ్మిదేండ్లైనయ్. నన్ను అక్కా అని, అమ్మను అమ్మా అని పిలుస్తుండె. నల్లగ నిగనిగలాడేది. జుట్టు ఉంగరాలు ఉంగరాలు, ఏ దువ్వెనకు లొంగేది కాదు. అమ్మ వెన్న రాసుకుంట పొద్దంత దువ్వేది. నా జడ మాత్రం గబగబ అల్లి నూకేస్తుండె. ఎందుకు దాచాలె, నాకు కుళ్ళు. గని గల్లీల పోరగాండ్లు దాన్ని ఏమన్న అంటె రాళ్ళు తీసుకొని ఉరికేదాన్ని కూడ నేనే. మాకొక తన్నే బర్రె ఉండె, బాపును గూడ దగ్గరికి రానియ్యకపోయేది. ఈ పిల్ల పోయి పొదుగు మీద చెయ్యేస్తే గమ్మున నిలబడేది.

పిల్ల తండ్రి ప్రతి శుక్రవారం వచ్చి చూసిపోతుండె. ఒక వానకాలం జ్వరమొచ్చి ఆయన గూడ పోయిండు. ఆ రోజు అమ్మ దాన్ని ఒళ్ళె కూసోబెట్టుకొని అంత చెప్పింది, నా పాలు తాగినవ్ బిడ్డా, నువ్వు యాడికి పోవు అని.

అటెన్క మూడు నెల్లకు నాకు బేగంబజార్ సంబంధం వచ్చింది. మావోళ్ళే, పెద్ద కొట్టం, పిలగాడు సక్కనోడు. దర్వాజ సందులకెళ్ళి చూసిన, మనసు పడ్డ. నాకు పదిహేనేండ్లు. ఆ సంబంధం తప్పితే నా బతుకే లేదనుకున్న. పిలగాని మేనత్త ఒకనాడు మాటలు ఖాయం చేసుకోనీకి వచ్చింది. అమ్మ గడ్డి కోసం చాంద్రాయణగుట్ట దిక్కు పోయింది, బాపు తెలగపిండికి పోయిండు. ఆమె మంచం మీద కూసోని, కొట్టంల పేడ తీస్తున్న పిల్లను చూపించి ఎవలే అది అన్నది. పనిపిల్ల అన్న. అసొంటోళ్ళతోని మాకు వరుసలు కలువయ్, ముందే చెప్తున్న అన్నది మేనత్త.

గా మాట నోట్ల ఉండంగనే వాకిట్లకు ఒక హబ్షీ ముసలామె వచ్చింది. పిల్ల నాయినమ్మ, వనపర్తి నుంచి. కొడుకు పోయిన సంగతి తెలిసి మనుమరాలి కోసం వచ్చిందట. పిల్లను చూసి మస్తు ఏడ్చింది. ఏడ్చి, కండ్లు తుడుచుకొని నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇనే కిస్కా దూద్ పీకో బడీ హుయీ? సచ్ బోల్, బేటీ."

ఎవల పాలు తాగి పెరిగిందో నిజం చెప్పమన్నది. ఎందుకు అడుగుతున్నదో గూడ ఆమెనే చెప్పింది. మా మతంల పాలిచ్చినామె కన్నతల్లితోని సమానం బిడ్డా. మీ అమ్మ పాలు తాగి ఉంటె ఇది మీ ఇంటి పిల్ల, నేను తీస్కపోను, పండుగకొకసారి వచ్చి చూసిపోత. బర్రె పాలతోని పెరిగితే మాత్రం నాది, నా కొడుకు పిల్ల.

నాకు అర్థం కాలే అందామంటే వీలు లేదు. మంచిగ అర్థమైంది. మేనత్త చెవులు నిక్కబొడుచుకొని చూస్తున్నది.

"బర్రె పాలే తాగింది," అన్న.

ముసలామెకు నమ్మబుద్ధి కానట్టుంది. పిల్ల దిక్కు తిరిగి నిజమేనా అని అడిగింది. పిల్ల చేతులు పేడతోని ఉన్నయ్. నన్ను చూసింది, మంచం మీద కూసున్నామెను చూసింది. తొమ్మిదేండ్ల పోరి, ఎంత సమజైందో ఏమో దానికి.

"అక్క చెప్పిందే నిజం దాదీ," అన్నది.

నా పెండ్లి చెడగొట్టొద్దని అన్నది. ఇంకేం గాదు. నేను దానికి అడ్డం పడలే. చేతులు కడుక్కొని, ఉన్న రెండు లంగాలు మూట కట్టుకొని పోయింది. పోయేటప్పుడు తన్నే బర్రెకు కుడితి పెట్టలే, పెట్టు అక్కా అన్నది. థూ, నా బతుకు.

అమ్మ గడ్డిమోపుతోని వచ్చి, పిల్ల ఏదే అని అడిగింది. చెప్పిన. మోపు అక్కడ్నే పడేసి కాచిగూడ టేషన్‌కు ఉరికింది. బండి పోయింది. అటెన్క బాపును వనపర్తి తోలింది. ముసలామె బాపుతోని, నీ బిడ్డ చెప్పింది, నా మనుమరాలు చెప్పింది, ఇద్దరి మాట కాదని నీ మాట ఎట్ల నమ్మాలె అన్నదట. అమ్మ నన్ను కొడ్తదనుకున్న. కొట్టలే, తిట్టలే. ఒక్కసారి మాత్రం, పొయ్యి కాడ కూసోని అడిగింది: "నా పాలే అని చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలుతుండెనా?"

పెండ్లి ఘనంగ అయింది. అప్పగింతలప్పుడు అమ్మ నా చేతులు పాలల్ల ముంచి మా అత్త చేతుల పెట్టింది. కులపోళ్ళందరు చుట్టున్నరు. అమ్మ గట్టిగనే అన్నది, "నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఒకదాన్ని మీకిస్తున్న."

అందరు ఒకలి మొకం ఒకలు చూసుకున్నరు. మా అత్త నా చేతులు పట్టుకొనే, రెండోది ఏదే అని నన్నడిగింది. అమ్మ నా దిక్కే చూస్తున్నది. చెప్తనేమో అని చూసింది, ఆ చూపు నాకు తెలుసు. పెండ్లి అయిపోయింది, పుస్తె మెడల పడ్డది, చెప్తే నాకింక పోయేదేం లేకుండె.

"చిన్నప్పుడే చచ్చిపోయింది అత్తా," అన్న.