బంక సారు

మా సారు పోయిన్రన్న కబురు నాకు అశ్వారావుపేట బస్టాండులో తెలిసింది. మా బ్యాచ్‌వాడొకడు కదులుతున్న బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, పొద్దున సారుకు గుండెనొప్పి వచ్చిందట, దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయిందట అని చెప్పుకుంటనే పోయిండు. నేను చేతిలో ఉన్న టీ పూర్తిగ తాగి, గ్లాసు ఇచ్చేసి, ఖమ్మం బస్సు ఎక్కిన. ఇసొంటప్పుడు మనిషి మంచితనం గుర్తుకు రావాలె. నాకు మాత్రం ఆయన మీద పాత కోపమే ముందుగాల గుర్తుకొచ్చింది. వైరా దాటేదాంక అది పోలేదు.

మీలో చానామందికి ఆయన తెలవదు. ఖమ్మంలో మా కాలేజీలో కామర్స్ చెప్పేటోరు, అందులో మార్కెటింగ్ ఆయన సబ్జెక్టు. నేను ఆయన కిందనే పీహెచ్‌డీ చేసిన. అయితే ఆయన ఏ డిపార్టుమెంటు మనిషో చెప్పుడు కష్టం. సాయంత్రమైతే ఫిజిక్స్ ల్యాబులో కొత్తగ దిగిన కంప్యూటర్ ముందర కూచునేటోరు, ఎండాకాలమైతే భద్రాచలం అవతల గుట్టలెక్కేటోరు. కామర్సోళ్లు సైన్సు సారనేటోళ్లు, సైన్సోళ్లు కామర్సు సారనేటోళ్లు. గుట్ట మీద కోయవాళ్లు మాత్రం తేల్చేసిన్రు, బంక సారు అని. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ బంక ముక్కలుండేవి. ఉతకబోతే బట్టంత అతుక్కపోతదని సారు భార్య మాతో చెప్పుకునేది. ఆమెను మేమంత అమ్మ అనేటోళ్లం.

సారు లెక్చరర్‌గ చేరి రీడరైన్రు, అంటె ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కింద. ప్రొఫెసర్ కావాలన్నది ఆయన ఆశ. అది దాచుకునేటోరు గాదు. గది తలుపు మీద బోర్డు పాతదైంది, మార్పించుకోరాదు సారూ అంటే, ఇంకోసారి ఎట్లాగూ మార్చాలె గదా, అప్పుడు చూద్దాం అని నవ్వేటోరు.

మొదటిసారి నన్ను సంతకు తీస్కపోయిన దినం చెప్త. నేను ప్రశ్నల కాగితం పట్టుకొని, చింతపండు ముందర పెట్టుకొని కూచున్న ఒక ఆడమనిషి దగ్గరికి పోయి, ఏం ధరకు ఇస్తవు, ఎవరు కొంటరు అని మొదలుపెట్టిన. ఆమె మొఖం పక్కకు తిప్పుకున్నది. నేను ఇంకోటి అడగబోతుంటె సారు నా చెయ్యి పట్టి గుంజిన్రు. ఆమెకు ఇంకా బోణీ కాలేదు, కొనకుండ ముచ్చట పెడితె ఆమె దినం ఖరాబు చేసినట్టే అన్నరు. మేమిద్దరం నేల మీద కూచొని పల్లీలు తినుకుంట మధ్యాహ్నం దాంక చూసినం. గంప ఖాళీ అయినంక ఆమెనే మమ్మల్ని పిలిచి మాట్లాడింది. నా ప్రశ్నల కాగితంలో లేనివి కూడ చెప్పింది. అమ్ముకునే మనిషిని అమ్ముకోనియ్యాలె, మన చదువు కాసేపు ఆగుతది అనేటోరు సారు. ఎన్ని సంతలు తిరిగినా ఆ మాట తప్పలేదు.

ఇగ బంక సంగతి. మన గుట్టల మీద తపసి చెట్లుంటయి, తెల్లటి బెరడు, ఎండాకాలం ఆకంత రాలిపోయి దూరం నుంచే కనబడతయి. బెరడుకు గాటు పెడితె బంక కారుతది. మందులకు, మిఠాయిలకు పనికొస్తది కాబట్టి ధర ఉంటది. అయితే అది మంచి రకమా కాదా అన్నది కొనేటోడి కంటిచూపు మీద ఉండె. ఎంత మంచి బంక తెచ్చినా మూడో రకం అనేటోడు. ఇది సారు మనసుకు పట్టింది. బంక నీళ్లలో నానబెట్టి చిక్కదనం కొలిచే మిషన్ ఒకటి సంపాయించి, దాన్ని కంప్యూటరుకు తగిలించి, ప్రోగ్రాం రాసిన్రు. చిక్కదనాన్ని బట్టి ఒకటో రకం, రెండో రకం అని అదే చీటీ మీద అచ్చుకొట్టేది. చీటీ ఉంటె ఎవడు కాదంటడు? కోయవాళ్ల దగ్గర బంక కొనే సర్కారు డిపో ఒకదాంట్ల పెట్టి చూసిన్రు. కోయవాళ్లకు ధర బాగ పెరిగింది. నా థీసిస్‌లో పెద్ద అధ్యాయం అదే. జిల్లాలో డిపోలన్నిట్ల పెడతమని పైనుంచి మాటొచ్చింది, ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలుపు కూడ వచ్చింది. ఈసారి పోస్టు ఆయనదే అని కాలేజీ అంత అనుకున్నది. అమ్మ చుట్టాలందరికీ ముందే చెప్పుకున్నది.

ఆ ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు బంక నమూనాల కోసం గుట్టెక్కినం. ఎప్పుడు పోయినా మాకు దారి చూపించే పెద్దాయన ముందర నడుస్తుండె. చెట్లు చూసి సారు నిలబడిపోయిన్రు. ఇంతకుముందు ఒక పక్కన గాటు పెట్టి, అది మానేదాంక ఆగేటోళ్లు. ఇప్పుడు మొదలు చుట్టూ గాట్లే, పచ్చి గాట్లు. కొన్ని చెట్లు నిలబడ్డకాడనే ఎండిపోయినయి. ఇట్లెందుకు చేసిన్రని పెద్దాయనను అడిగితె, అతను దాచలేదు. నిల్వ ఉన్న బంకకు మిషన్ రెండో రకం అంటది, అప్పుడే కారిన బంకకు ఒకటో రకం అంటది, పిల్లలున్నోళ్లం, ఏ రకం తెమ్మంటరు అన్నడు. నిజమే, బంక పాతబడ్డకొద్దీ చిక్కదనం తగ్గుతది. అది మాకూ తెలుసు. దానికోసం చెట్టును రోజూ నరుకుతరని మాకు తట్టలేదు.

సారు ఒక ఎండిన చెట్టుకాడ కూచొని, గాట్లను ఒక్కొక్కటే వేలితోని తడిమిన్రు. లేచేటప్పుడు ఒక్క మాట అన్నరు.

"ఇవి గొడ్డలి గాట్లు కావురా. నా ప్రోగ్రాం పెట్టిన గాట్లు."

దిగేటప్పుడు నేను బతిమాలిన. ప్రోగ్రాం మార్చొచ్చు గదా సారూ, ఇంటర్వ్యూ కానియ్యుండ్రి, ఆనక నిమ్మళంగ చెప్పొచ్చు అన్న.

"పోస్టు వచ్చినంక చెప్తె, పోస్టు కోసమే దాచిన్నని నాకే అనిపిస్తది. అప్పటిదాంక చెట్టు ఆగుతదా?"

ఇంటర్వ్యూలో వాళ్లు అడగకముందే సారే చెప్పేసిన్రట, నా మిషన్ డిపోలల్ల పెట్టొద్దు, పెట్టినకాడ తీసేయుండ్రి అని. ఇగ చెప్పేదేముంది, పోస్టు ఇంకొకరికి పోయింది. మిషన్ తీసేసిన్రు. తాజా బంక, పాత బంక ఒకటే ధరకు పోయేటట్టు సారు ప్రోగ్రాం తిరగరాసిన్రు గాని, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గుట్ట మీద మళ్లీ కంటిచూపు బేరమే వచ్చింది. ధర పడ్డది, కొన్ని చెట్లు మానుకున్నయి. రెండూ థీసిస్‌లో రాయమన్నరు. నాకు ఒళ్లు మండింది, కాని రాసిన. అమ్మ కొన్నాళ్లు ఆయనతోని మాట్లాడలేదు. మేం ఇంటికి పోతె, రండి, చెట్లకు ప్రొఫెసర్ లోపలున్నరు అనేది. సారు నవ్వేటోరు గాని ఆ నవ్వు ఎంతోసేపు ఉండకపోయేది. ఆయనకు బాధ లేదని నేను చెప్పను. రిటైరయ్యేదాంక రీడరే.

పెద్దకర్మ అయినంక కాలేజీలో సంతాపసభ పెట్టిన్రు. పాత విద్యార్థులు తెల్లగుడ్డ మీద నీలం రంగుతోని బ్యానర్ రాయించి కట్టిన్రు, ప్రొఫెసర్ గారికి శ్రద్ధాంజలి అని. బతికుండంగ ఇయ్యనిది ఇప్పుడన్నా ఇద్దామని వాళ్ల ప్రేమ. చూసి నాకూ మంచిగనే అనిపించింది. అమ్మ వచ్చి ముందు వరుసలో కూచున్నది. బ్యానర్ దిక్కు చూసి, నన్ను సైగ చేసి పిలిచింది.

"ఆ మాట తీసెయ్యి. ఆయన రీడర్. గట్లనే రాయి."

ఉండనియ్యమ్మా, ఇప్పుడెవరు అడుగుతరు అన్న.

"నేను అడుగుత," అన్నది.

రంగు డబ్బాలు ఇంకా వరండాలోనే ఉండె. కుర్చీ వేసుకొని ఎక్కి, ఆ మాట మీద తెల్లరంగు పూసిన. అది ఆరకముందే నీలం రంగుతోని రీడర్ అని రాస్తె, అక్షరాలు కిందికి జారినయి. నేను దిగేదాంక అమ్మ రెండు చేతులతోని కుర్చీ పట్టుకొని కిందనే నిలబడ్డది.