మెహర్‌గా వచ్చిన చౌటి ఎకరా

షాహజాదీ అంటే రాజకుమారి. అంత పేరు పెట్టాక జాగీరు లేకపోతే ఎట్లా? ఉంది. ఆళ్లగడ్డకు కూతవేటు దూరంలో, కేసీ కాలువ నీళ్లు చిట్టచివర పారే చోట, ఒక ఎకరా. నిఖా రోజు మెహర్ కింద రాసిచ్చారు. మెహర్ అంటే పెండ్లికొడుకు పెండ్లికూతురికి ఇచ్చేది, అచ్చంగా ఆమె సొత్తు. ఆమె సంతకం లేనిదే కట్టుకున్నవాడు కూడా దానిమీద వేలు పెట్టలేడు.

ఇంతవరకు బాగానే ఉంది. పెండ్లయిన మూడోనాడు రాజకుమారి తన జాగీరు చూసుకోవడానికి వెళ్లింది. నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. వంగి, వేలితో అద్ది, నాలుక మీద పెట్టుకుంది. అంతే, తూ అని ఊసేసింది. ఉప్పు! ఉత్త చౌడు!

"మా బావ బాగా ఆలోచించే ఇచ్చినాడులే. మరదలు వంటల మనిషి గదా, ఉప్పు కొనే పని తప్పుతాదని" అని ఆనాటి నుంచి ఈనాటి దాకా ఇరవై రెండేళ్లుగా అందరికీ చెప్పి నవ్విస్తూనే ఉంది. ఆ బావ పేరు షబ్బీర్, మొగుడు హుస్సేన్‌కు అన్న. నేల ఎంపిక చేసింది ఆయనే మరి.

షాహజాదీ పెండ్లిళ్లకు బిర్యానీ వండుతుంది. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. నంద్యాల నుంచి సంజామల దాకా ఏ షాదీఖానాలో పెండ్లయినా ఆమె దేగులు దిగాల్సిందే. దేగు అంటే వందమందికి చాలే పెద్ద రాగి గుండిగ. ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల దేగులు దించిందో ఆ అల్లాకే తెలియాలి. అయితే ఒక్క దేగులోనూ తన నేల బియ్యం పడలేదు. ఆ ముచ్చట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ప్రయత్నించలేదా అంటే నాలుగుసార్లు వరి పెట్టింది. నాటిన వారానికల్లా ఆకు కొసలు తెల్లబడి చుట్టుకుపోయేవి. మడిలో అక్కడక్కడా బట్టతల మచ్చలు పడేవి. బతికిన నాలుగు దుబ్బులూ పిలకలు పెట్టేవి కావు. పెట్టినా కంకిలో అంతా తాలే. నాలుగోసారి కంకి నలిపితే ఊదకముందే ఎగిరిపోయింది పొట్టు.

ఇక పోయినేడు షబ్బీర్ కొత్త కబురుతో వచ్చాడు. "బేతంచెర్ల బండల లారీలు దించుకోను రోడ్డు పక్కన జాగా అడుగుతాండారు. నీ చౌడు సరిపోతాది. సంతకం పెట్టు షాహజాదీ."

హుస్సేన్ బండలు పరిచే మేస్త్రి. సరుకు ఊరి పక్కనే దిగుతుందంటే వద్దంటాడా? భార్య వైపు ఆశగా చూశాడు. ఒకసారి బండలు దిగాయంటే ఆ నేల మీద మళ్లీ నాగలి నడవదని ఆమెకు తెలుసు.

"ఈ ఒక్క పంట చూడు బావా" అంది. "నా నేల బియ్యంతో ఒక్క దేగు, ఒకే ఒక్క దేగు దించలేకపోతే, నేనే నీ ఇంటికొచ్చి సంతకం పెడతా."

"నవ్విన నాపచేనే పండుతాదంటారులే" అన్నాడు షబ్బీర్, నవ్వుతూనే.

షాహజాదీ నేరుగా రైతు సేవా కేంద్రానికి పోయి దీపిక ముందు కూర్చుంది. దీపిక అక్కడి వ్యవసాయ సహాయకురాలు, నిన్న మొన్న చదువు ముగించిన పిల్ల. నంద్యాల నుంచి చౌడును ఓర్చుకునే రకం విత్తనం తెప్పించి పెట్టింది. "ముందు నేలను కడగల్ల అక్కా. నిండా నీళ్లు పెట్టి, కలియదున్ని, ఆ నీళ్లను వంకలోకి వదిలెయ్. ఉప్పు కరిగి నీళ్లతో పోతాది" అని చెప్పింది.

"అంటే బియ్యం కడిగినట్టేనా?"

"అట్లనే అనుకో. రెండు మూడుసార్లు."

ఈమెకు అట్లా చెప్పవచ్చా! బిర్యానీ బియ్యాన్ని తేటనీళ్లు వచ్చేదాకా కడిగే మనిషి. మూడు కాదు, ఐదుసార్లు కడిగింది. కడిగిన ప్రతిసారీ మడిలోంచి దోసెడు నీళ్లు తీసి, పుక్కిలించి ఊసి, "ఊహూ, ఇంకా ఉంది" అనేది. బస్సులో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. హుస్సేన్ సిగ్గుతో తలపాగా ముఖం మీదికి లాక్కున్నాడు.

నారు మాత్రం గౌరమ్మ చేలో పోసింది. గౌరమ్మ నాట్లు వేసే ఆడవాళ్లకు మేస్త్రమ్మ. మంచి నేల ఆమెది. నారు పచ్చగా లేచింది. ఇరవై ఐదు దినాలకు పీకి నాటాలి. సరిగ్గా అప్పుడే వచ్చిపడింది చిక్కు. మొహర్రం, సఫర్ రెండు నెలలూ పెండ్లిళ్లు లేక దేగులు బోర్లించి ఉన్నాయి. సఫర్ దాటిందో లేదో, ఆగిన పెండ్లిళ్లన్నీ ఒక్కసారిగా గట్టు తెంచుకున్నాయి. బండి ఆత్మకూరులో రెండు, నంద్యాలలో నాలుగు, బేతంచెర్లలో మూడు. అడిగినవాళ్లందరికీ షాహజాదీ "సరే" అనేసింది. మసాలాల మధ్య నారు సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చి పరుగున వచ్చేసరికి దానికి నలభై దినాలు నిండాయి.

గౌరమ్మ భగ్గుమంది. "ఏందమ్మీ ఇది? నారా, జొన్న సొప్పా? ఎద్దులకెయ్ ఫో! ముదురు నారు నాటితే పంటొస్తాదా యాడన్నా?"

షాహజాదీ గట్టు మీద కూలబడి బావురుమంది. వేరే నారు లేదు, పోసే అదనూ లేదు. తన నేలను తన చేతులతోనే ముంచుకున్నానని ఏడుపు. "నాటు గౌరమ్మా. అయ్యేది అవుతాది" అంది ముక్కు చీదుతూ.

గౌరమ్మకు కోపం ఎంతో జాలీ అంతే. కుదురుకు రెండు మొక్కలు పెట్టాల్సిన చోట ఐదారు పెట్టించింది. "సచ్చేవి సావనీ, ఒకటన్నా ఉంటాది" అని గొణుగుతూ.

నాటిన పదో రోజుకు కింది ఆకుల కొసలు తెల్లబడ్డాయి. అవతల గట్టు మీద షబ్బీర్ అడుగులతో కొలుస్తున్నాడు, లారీ తిరగడానికి చోటు చాలుతుందా అని. షాహజాదీ దీపికకు ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చి, గట్టు మీది నుంచి గౌరమ్మ, హుస్సేన్ చూస్తుండగా మడిలో దిగి, ఒక దుబ్బు పట్టుకుని చూసింది.

"నారు ఎన్ని దినాలది అక్కా?"

"ఇరవై ఐదు" అంది షాహజాదీ. దీపిక అట్లాగే చూసింది. "ముప్పై." ఇంకా చూసింది. "నలభై. ఏం జేయమంటావ్, తొమ్మిది పెండ్లిళ్లు!"

దీపిక బురదలోనే ఎగిరింది. "అక్కా, చౌడుకు ముదురు నారే మంచిది! లేత నారు ఉప్పుకు ఓర్చుకోలేదు, అందుకే ముందర నాలుగుసార్లు పోయింది. కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టమని కూడా చెప్పల్ల అనుకుంటి, మర్చేపోతి. ఎవరు చెప్పినారు నీకు?"

చెప్పిందెవరు? తొమ్మిది మంది పెండ్లికొడుకులు! ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఈమె పాలిట ఆ విషమే అమృతమై కూర్చుంది.

"మరి ఈ ఎండినవి?"

"అవి ముసలాకులు. వచ్చిన ఉప్పునంతా వాటిలోనే నింపి ఎండబెట్టుకుంటాంది మొక్క. కొత్తాకులోకి పోనీడం లేదు. ఈ సుడి ఆకు చూడు."

షాహజాదీ వంగి చూసింది. దుబ్బు నడిమధ్య చిన్న ఆకు, చుట్టిన తమలపాకంత పచ్చగా, నిక్కి చూస్తోంది. ఆమెకు ఒళ్లు తెలియలేదు. దీపికను వాటేసుకుంది, పరుగున పోయి గౌరమ్మను వాటేసుకుంది, అక్కణ్ణుంచి హుస్సేన్ వైపు తిరగబోయి జారి బురదలో చతికిలబడింది. లేపబోయిన హుస్సేనూ పడ్డాడు. ఇద్దరూ పడ్డచోటే నవ్వుకున్నారు.

ఆ తర్వాత పూత దశలో ఇంకో గండం ఉందని దీపిక హెచ్చరించింది. అప్పుడు ఉప్పు తగిలితే గింజ పాలు పోసుకోదట. షాహజాదీ పక్క బోరు నీళ్లు రుచి చూసి, ఉప్పని తేల్చి, ఒక్క చుక్క కూడా తన మడిలోకి రానీయలేదు. కాలువ నీళ్ల వంతు వచ్చిన రోజు పెండ్లి వంట కూడా వద్దంది. ఆమె జన్మలో పెండ్లి వద్దనడం అదే మొదలు.

వడ్లు పండాయి. పక్క పొలాల్లో పండినదాంట్లో సగమే. సగమైతేనేం, కంకి నలిపి ఊదితే గింజ అరచేతిలోనే నిలిచింది! మిల్లు నుంచి బియ్యం రాగానే ఇంటి ముందు దేగు పెట్టించింది. వీధి వీధంతా పిలిచింది. తన నేల బియ్యం తెల్లగా, పొడుగ్గా ఎసట్లో గిరగిరా తిరుగుతుంటే గరిటె పట్టుకుని పెండ్లికూతుర్ని చూసినట్టు చూస్తూ నిలబడిపోయింది.

మొదటి పళ్లెం షబ్బీర్‌కే పెట్టింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద తిని ముఖం అదోలా పెట్టాడు. వీధంతా ఆయన వైపే చూసింది. షాహజాదీ గరిటె దేగులోనే వదిలేసి దగ్గరికొచ్చింది. బియ్యం చేదా? ఒగరా? ఇంత చేసీ తినడానికి పనికిరాకుండా పోయిందా?

"బియ్యం బాగుంది. తియ్యగా ఉంది" అని నసిగాడు షబ్బీర్. "అయితే..."

"అయితే ఏందీ బావా?"

ఆయన ఏదో గొణిగాడు. ఎవరికీ వినబడలేదు.

షాహజాదీ గబుక్కున నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. ఒక్క క్షణం కళ్లు మూసింది. తెరిచేసరికి ముఖమంతా నవ్వే.

"గట్టిగా చెప్పు బావా! వీధంతా వినల్ల. నా నేల మీద పండిన బువ్వలో ఏం తక్కువైంది?"

షబ్బీర్ అటూ ఇటూ చూశాడు. తప్పేట్టు లేదు.

"ఉప్పు" అన్నాడు.